జయంతి పేరు మీద సూది

మా ఆసుపత్రిలో ఆంజినమ్మ పదకొండేళ్లు పని చేసింది. కానీ ఏ రిజిస్టరు తిరగేసినా ఆమె ఒక్కరోజు కూడా పని చేసినట్టు కనపడదు. అక్కడ ఉండేది జయంతి పేరు. స్వీపరు పోస్టు జయంతిది. తండ్రి సర్వీసులో ఉండగా చనిపోతే ఆమెకు వచ్చింది. ఆమె భర్త అనంతపురంలో కాంట్రాక్టులు చేస్తాడు, మేడ ఉంది, కారు ఉంది, ఆమె చీపురు పట్టే మనిషి కాదు. అందుకని తన బదులు ఆంజినమ్మను పెట్టింది. జీతం జయంతికి వస్తుంది, అందులో మూడో వంతు ఆంజినమ్మకు ఇస్తుంది. ఈ ఏర్పాటు డాక్టరుకు తెలుసు, ఆయనకు ముందున్న ముగ్గురు డాక్టర్లకూ తెలుసు, మందులిచ్చే శ్రీరంగప్పకు తెలుసు, ఆ ఆసుపత్రిలో ఏఎన్ఎంగా ఉన్న నాకూ తెలుసు. తెలిసి ఊరుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్నని మొదటే చెప్పేయడం నయం. ఎందుకంటే ఇందులో నేను చాలామందిని తిడతాను.

ఆంజినమ్మ భర్త బెంగుళూరుకు సెంట్రింగ్ పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వరసగా రెండేళ్లు శెనక్కాయ మొలిచి ఎండిపోయి, కూలికి పిలిచేవాళ్లు కూడా లేనప్పుడు, తొమ్మిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చింది. అప్పటి నుంచి పొద్దున ఏడింటికల్లా వచ్చేది. మా బోరులో నీళ్లు పడని నెలలే ఎక్కువ కాబట్టి రోడ్డు అవతల ట్యాంకు నుంచి బిందెలతో మోసి తెచ్చేది. కాన్పు గదిలో రక్తం గుడ్డలు ఉతికేది. తొలిచూలు పిల్లలు భయపడి అరుస్తుంటే డాక్టరు కసురుకునేవాడు, నేను కూడా కసురుకునేదాన్ని, ఆంజినమ్మ మాత్రం వాళ్ల కాళ్లు పట్టుకుని పక్కన నిలబడేది. మాట కటువు. ఒకసారి డాక్టరు వాడిపారేసిన గ్లవ్స్ కింద పడేస్తే, బుట్ట మూడడుగుల దూరంలో ఉండాది సార్, అని మొహం మీదే అంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, శాంపిళ్లు తీసే గది కడిగింది ఆమె. దగ్గుతో వచ్చినవాళ్లు కూర్చున్న బెంచీలు తుడిచింది ఆమె. సిబ్బందికి మంచి మాస్కులు, శానిటైజరు సీసాలు పోస్టుల లెక్కన వచ్చాయి. స్వీపరు వాటాకు వచ్చిన పెట్టెను జయంతి భర్త కారేసుకుని వచ్చి తీసుకుపోయాడు. శ్రీరంగప్ప సంతకం చేయించుకుని మరీ ఇచ్చాడు. ఆంజినమ్మ చీర కొంగు మూతికి కట్టుకుని ఆ పెట్టెను కారుదాకా మోసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి తిట్టుకున్నాను, అంతే, ఆసుపత్రిలో ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాత నా మాస్కుల్లోంచి ఆమెకు నాలుగు ఇచ్చి, అదే గొప్పనుకున్నాను.

ఆంజినమ్మ కూతురు మహేశ్వరిని నల్లమాడ దగ్గర పల్లెలో ఇచ్చారు. కరోనా టీకాలు మొదలైన ఆ సంక్రాంతి నెలలో ఆ పిల్లకు నాలుగో నెల. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మా ఆచారం, ఏడో నెలలో తీసుకొచ్చుకోవాలి. మహేశ్వరి మామ తిప్పయ్య దానికి ఒక షరతు పెట్టాడు. అంతకు ముందు ఆగస్టులో ఆయన తమ్ముడు కరోనాతో పోయాడు. శవాన్ని కూడా ఇంటికి తేనివ్వలేదు. అందుకని ఆయన ఖచ్చితంగా చెప్పాడట, రోజూ కరోనా గదులు కడిగి వచ్చే మనిషి ఇంటికి కడుపుతో ఉన్న పిల్లను పంపనని, ఆంజినమ్మ రెండు సూదులు వేయించుకున్నట్టు కాగితం చూపిస్తే పంపుతానని. అప్పటికి గర్భిణులకు టీకా వేయడం లేదు. ఆయన అడిగినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

ఆంజినమ్మకు కూడా కనిపించలేదు. పైగా ఆమె సంతోషంగా ఉంది. దేశంలో అందరికంటే ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకే వేస్తారని టీవీలో చెప్పారు. జనవరి మొదట్లో ఒకరోజు తడిగుడ్డ పిండుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"ఆసుపత్రోళ్లకే మొదట అంట గదా సిస్టరమ్మా. నా పేరు రాసినారా?"

జాబితా అప్పటికే వెళ్లిపోయింది. జీతాల పట్టీ చూసి శ్రీరంగప్ప ఇరవైమూడు పేర్లు కంప్యూటర్లో ఎక్కించాడు. ఇరవై మూడోది జయంతి. నేను ఆ మాట చెప్పలేక, కనుక్కుంటానన్నాను. ఆమెకు అర్థమైపోయింది. గుడ్డ తీసుకుని మళ్లీ తుడవడానికి పోయింది.

టీకాలు మొదలుపెట్టే రోజుకు ఆసుపత్రిని ముస్తాబు చేసింది కూడా ఆంజినమ్మే. మూడు గదులు కడిగింది, కుర్చీలు దూరం దూరంగా వేసింది, వచ్చే నాయకుల కోసం గుమ్మానికి బంతిపూలు కట్టింది. తీరా ఆ పొద్దున జయంతి ఫోన్ చేసి రానని చెప్పింది. యాడో ఎవరో సూది వేయించుకుని కళ్లు తిరిగి పడిపోయారని విన్నదట. డాక్టరుకు చెమటలు పట్టాయి. ఇరవైమూడుకు ఇరవైమూడు పడకపోతే పైవాళ్లు ఒక్కొక్కరి పేరు పెట్టి ఎందుకు రాలేదని అడుగుతారు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆంజినమ్మ బకెట్ పట్టుకుని పోతోంది.

జయంతి బదులు పని చేస్తోంది కదా, జయంతి బదులు సూది కూడా వేసుకుంటుంది, అన్నాడు. అని నవ్వాడు. శ్రీరంగప్ప నవ్వాడు. నేనూ నవ్వాను. పేరు ఎవరిదైతేనేం, సూది పడాల్సిన మనిషికే పడుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఫైల్లోంచి జయంతి ఆధార్ జిరాక్స్ తీశాను, నంబరు కొట్టాను, ఆంజినమ్మను కూర్చోబెట్టి జబ్బకు సూది వేశాను. తర్వాత అరగంట కూర్చోవాలని రూలు. పదకొండేళ్లలో డాక్టరు ఎదుట ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అంచు మీద కూర్చుని నిమిషానికోసారి గడియారం చూసింది, బయట బెంచీలు తుడవాల్సి ఉందని.

లేచి వస్తూ కాగితం ఎప్పుడిస్తారని అడిగింది. అది ఫోన్లో వస్తుందని చెప్పాను. ఏ ఫోన్లో వస్తుందో కూడా చెప్పాల్సి వచ్చింది.

"తిప్పయ్యన్నకు చూపించల్ల సిస్టరమ్మా. జయంతి అని ఉంటే ఎట్ల?"

రెండో సూదికి ఏదో ఒకటి చేద్దాంలే అన్నాను. అప్పటికి నోటికొచ్చింది అదే. ఏం చేస్తానో నాకే తెలియదు.

నాలుగు వారాలు గడిచాయి. సూది వేయించుకున్నవాళ్లు ఎవరూ చావలేదు. రెండో సూది రోజు ఆసుపత్రి ముందు కారు ఆగింది. జయంతి దిగింది. పట్టుచీర, చేతికి బంగారు గడియారం, మూతికి మా ఆసుపత్రి మాస్కు. ముందు ముందు విమానం ఎక్కాలన్నా ఈ కాగితం అడుగుతారని వాళ్లాయన చెప్పాడట. వచ్చి నేరుగా కుర్చీలో కూర్చుంది. ఆంజినమ్మ వైపు చూసి, బాగుండావా ఆంజినమ్మా, కొంచెం మంచినీళ్లు తే, అంది. ఆంజినమ్మ తెచ్చింది.

నేను డాక్టరు వైపు చూశాను. ఆయన కానిమ్మన్నట్టు తలాడించాడు. జయంతి మొహం పక్కకు తిప్పుకుని, సూది వేస్తుండగా భర్త చేత ఫోటో తీయించుకుంది. సాయంత్రానికి ఆమె ఫోన్లో కాగితం వచ్చింది, జయంతికి రెండు సూదులూ పూర్తయ్యాయని. నిజంగా జరిగిందేమిటంటే ఇద్దరు మనుషులకు చెరొకటి పడింది. కింద టీకా వేసినవారి పేరు అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు ఉంది.

టీకా బుడ్డిలో పది డోసులుంటాయి. మూత తెరిచాక నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేయాలి. ఆరోజు చివరి బుడ్డిలో ఒక డోసు మిగిలింది. అందరూ వెళ్లేదాకా చూసి, ఆంజినమ్మను మందుల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకేసి వేసేశాను. రిజిస్టరులో ఒక డోసు వృథా అని రాశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే. దానికి నేను రాసిన మాట వృథా.

ఇక కాగితం కోసం తిరగడం మొదలైంది. జాబితాలో ఆంజినమ్మ పేరు విడిగా ఎక్కించమని డాక్టరును అడిగాను. అప్పటికే జాబితా పెరుగుతూ పోతోంది. డాక్టరు బావమరిది ల్యాబ్ సహాయకుడిగా ఎక్కాడు. ఆ అబ్బాయికి కదిరిలో సెల్ ఫోన్ల కొట్టు ఉంది. శ్రీరంగప్ప భార్య మందుల గది సహాయకురాలు అయింది. ఊరి నాయకుడి కొడుకులిద్దరూ అంబులెన్సు సిబ్బంది అయిపోయారు. వాళ్లు సూదులు వేయించుకుని పోతూ పోతూ తాగిన టీ కప్పులు కిటికీలో పెట్టిపోతే ఆంజినమ్మ ఏరి పారేసింది. నేను ఇవన్నీ డాక్టరుకు గుర్తు చేయలేదు, ఒక్క ఆంజినమ్మ పేరు మాత్రం అడిగాను.

ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఏ పోస్టని రాయమంటావమ్మా? స్వీపరు పోస్టు ఒక్కటే. అందులో జయంతి ఉంది. ఈమె కూడా ఉందంటే, మరి జయంతి ఏం చేస్తోందని అడగరా?"

అంటే ఆసుపత్రిలో అడుగుపెట్టనివాళ్లు ఎవరైనా సిబ్బంది కావచ్చు. నిజంగా పనిచేసే మనిషి మాత్రం కాకూడదు, ఎందుకంటే ఆమె నిజంగా పని చేస్తోంది కాబట్టి. ఇంత నీచమైన లెక్క నేను ఎక్కడా చూడలేదు. చూసి మళ్లీ బయటికి వచ్చి నా పని నేను చేసుకున్నాను.

మార్చిలో అరవై దాటినవాళ్లకు, నలభై ఐదు దాటి జబ్బులున్నవాళ్లకు మొదలుపెట్టారు. ఏప్రిల్లో నలభై ఐదు దాటిన అందరికీ అన్నారు. ఆంజినమ్మకు నలభై ఒకటి, ఆధార్ ప్రకారం ముప్పై తొమ్మిది. ఏ వరసలోనూ ఆమె పట్టలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆరోగ్య సిబ్బంది పేరుతో అర్హత లేనివాళ్లు దూరుతున్నారు కాబట్టి ఇక మీదట కొత్త పేర్లు ఎక్కించవద్దని. డాక్టరు దాన్ని మా అందరికీ చదివి వినిపించి, మంచి పని చేశారు, జనాలకు సిగ్గు లేకుండా పోయింది, అన్నాడు. శ్రీరంగప్ప అవునన్నాడు. ఆంజినమ్మ వాళ్ల కాళ్ల దగ్గర నేల తుడుస్తోంది. నేను మాస్కు లోపల పళ్లు కొరుక్కున్నాను.

అప్పటికి రెండోసారి కరోనా విరుచుకుపడింది. మహేశ్వరికి ఏడో నెల వచ్చేసింది. ఆ పిల్ల రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావమ్మా అని అడిగేది. ఒక శనివారం ఆంజినమ్మ నన్ను అడిగింది, తనతో వచ్చి తిప్పయ్యకు చెప్పమని. సూదులు వేసింది నేనే కాబట్టి నా మాట వింటాడని ఆమె నమ్మకం. నేను ఒప్పుకున్నాను. ఆదివారమైనా యూనిఫాం చీరే కట్టుకున్నాను, చూడగానే నమ్మాలని.

ఆటోలో గంట పైన పట్టింది. తిప్పయ్య వాకిట్లో రేకుల కింద మాకు దూరంగా రెండు కుర్చీలు వేయించాడు. చెంబుతో నీళ్లు ఇప్పించాడు. మర్యాదస్తుడు. మహేశ్వరి గడప లోపల నిలబడింది. పొట్ట బాగా ముందుకు వచ్చింది. ఆమె వెనకాల గోడవారన బట్టల సంచి సర్ది పెట్టుకుని ఉంది. తల్లిని చూసి నవ్వింది కానీ గడప దాటలేదు.

నేను గొంతు సవరించుకుని చెప్పాను. ఆంజినమ్మకు రెండు సూదులూ పడ్డాయని, రెండూ నా చేత్తోనే వేశానని, రెండు నెలలు కూడా దాటిందని, పిల్లను భయం లేకుండా పంపవచ్చని. అందులో ఒక్క అబద్ధం లేదు. తిప్పయ్య శ్రద్ధగా విన్నాడు. తర్వాత లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తెచ్చాడు. ఆయనకు యాభై దాటాయి, వారం కిందటే మొదటి సూది వేయించుకున్నాడు. కాగితం విప్పి కింది గడి మీద వేలు పెట్టాడు.

"నాకేసినామె పేరు ఈడుండాది చూడమ్మా. నువ్వు ఏసినానంటాండావు, నమ్ముతా. ఈమె పేరుతో కాగితం లేదంటే, ఎవరి పేరు మీద ఏసినావు?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. జయంతి పేరు మీద వేశాను, వేసింది మాత్రం ఈ జబ్బకే, అంటే ఆయన నమ్మేవాడు. నాకు ఆ సంగతి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ ఆ మాట ఆ వాకిట్లో ఆగదు. జయంతి కాగితం కింద ఉన్నది డాక్టరు పేరు కాదు, నా పేరు. దొంగ పేరు మీద టీకా వేసినందుకు ముందు ఊడేది నా ఉద్యోగం. చెంబెత్తి నీళ్లు తాగాను. తాగి, రికార్డంతా మా డాక్టరు దగ్గర ఉండాదన్నా, అన్నాను.

తిప్పయ్య తన కాగితం మడిచి మళ్లీ కవరులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"నా తమ్ముడు పోయినపుడు కూడా ఇట్లనే చెప్పినారమ్మా. రికార్డు డాక్టరు దగ్గర ఉండాదని."

ఆంజినమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు ఒకసారి చూసింది. ఇంకొంచెం సేపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. తర్వాత లేచి, కూతురి కోసం చేసి తెచ్చిన నువ్వుల ఉండల డబ్బా గడప మీద పెట్టి, పోయొస్తామన్నా అంది. మహేశ్వరి డబ్బా తీసుకోకుండా తల్లినే చూస్తూ నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను బయటికే చూస్తూ కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా దున్నకుండా వదిలేసిన చేలు. ఆమె తిడుతుందని ఎదురు చూశాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"మీరు చెప్పింటే మీ ఉద్యోగం పోతాండె," అంది చివరికి. "నాకు తెల్దా సిస్టరమ్మా. మీకూ పిల్లలుండారు."

జయంతిని చూస్తే నాకు అసహ్యం. డాక్టరును చూస్తే అసహ్యం. ఆ మాట విన్నప్పుడు నా మీద నాకు కలిగిన అసహ్యం ముందు అవన్నీ చిన్నవైపోయాయి. మర్నాడు ఏడింటికి ఆంజినమ్మ మామూలుగానే వచ్చింది, బిందెలు తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయింది.

మహేశ్వరి జూలైలో కనింది, అత్తవాళ్ల దగ్గరే. ఆడపిల్ల. నొప్పులు పద్నాలుగు గంటలు పడ్డాయట. కాన్పు గదిలో ఎంతమంది కాళ్లు పట్టుకుని నిలబడిందో లెక్కలేని ఆంజినమ్మ, ఆ పద్నాలుగు గంటలూ మా ఆసుపత్రి వరండాలో ఫోన్ చెవికి పెట్టుకుని తిరిగింది. వయసుతో పని లేకుండా అందరికీ వేసే రోజు వచ్చినప్పుడు, గొర్రెలు కాసేవాళ్లతో, ఇళ్లు కట్టే బేల్దార్లతో పాటు వరసలో నిలబడి తన పేరు మీద వేయించుకుంది. వాళ్లకు అది మొదటి సూది, ఆమెకు మూడోది. నాలుగోది కూడా పడి కాగితం చేతికి వచ్చేసరికి డిసెంబరు అయింది. దాన్ని తీసుకెళ్లి తిప్పయ్యకు చూపించి మనవరాలిని ఎత్తుకుంది. అప్పటికి ఆ బిడ్డ మనుషుల్ని గుర్తుపట్టే వయసుకు వచ్చింది, కొత్త మొహమని ఏడ్చిందట.

ఇది రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుని ఇప్పుడు రాశాను. డాక్టరు పేరు రాయలేదు. జయంతి, శ్రీరంగప్ప, తిప్పయ్య, మహేశ్వరి, ఈ పేర్లన్నీ మార్చాను. ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో చెప్పలేదు. నా పేరు అసలే లేదు. ఆంజినమ్మ పేరు ఒక్కటి మాత్రం అసలుదే. దాన్ని మార్చాల్సిన పని లేదు. మా ఆసుపత్రి సిబ్బంది కాగితాలు ఎన్ని తిరగేసినా ఆ పేరు దొరకదు, దాన్ని పట్టుకుని ఎవరూ నా దాకా రాలేరు.